జింక తోలు రాముడు, మేక తోలు రాముడు: సీమలో పండగ వారం

శుక్రవారం – నిమ్మలకుంట

అనంతపురం వైపు ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అదీ పడాల్సినప్పుడు పడదు. ఇలాంటి మెట్టనేల మీద బతికిన జనం పొలాన్నే కాదు, పొలం చుట్టూ ఉన్న గుట్టనీ బీడునీ వంకనీ కూడా నమ్ముకున్నారు. అక్కడ తిరిగే కుందేలు, జింక, అడవిపంది, ఏదుపంది, నక్క, ఎలుగ్గొడ్డు వీళ్ళ కూటికీ మందుకీ పూజకీ ఆటకీ ఏదో రకంగా అక్కరకొచ్చాయి. ఇప్పుడు వాటిలో ఏం మిగిలింది, ఏం పోయింది, పోయినదాని చోట్లోకి ఏం వచ్చింది? సంక్రాంతి సెలవులు కలిసొచ్చాయి కాబట్టి అది చూద్దామనే బయల్దేరాను.

ధర్మవరం నుంచి నిమ్మలకుంటకి ఆటోలో పోతుంటే దారి పొడుగునా వేరుశనగ పీకేసిన ఎర్ర చేలు, అక్కడక్కడ కోతకొచ్చిన కంది. ఊళ్ళోకి రాగానే మాత్రం ఇంటింటి ముందూ రంగులే. తోలుబొమ్మల ఊరు ఇది. ఇళ్ళల్లో ఒక రకం మరాఠీ మాట్లాడుకుంటారు, తెర వెనక మాత్రం రామాయణం తెలుగులో పాడతారు. ఈ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చాక బయటివాళ్ళ రాకపోకలు పెరిగాయట.

నేను కూర్చున్న వసారాలో ఒకాయన ఆరిన మేకతోలుని వెలుతురుకి ఎత్తి పట్టి చూస్తున్నాడు. వేడినీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, నాలుగు వైపులా లాగి ఎండబెట్టిన తోలు అది. లోపల నరాల గీతలు సన్నగా కనిపిస్తున్నాయి. "ముదురు మేకదన్నా ఇది. లేతదైతే వెలుతురు ఇంకా బాగా దూరుతాది, కానీ ఉలి పెడితే చినుగుతాది" అన్నాడు. తోలుని చెక్కదిమ్మ మీద పరిచి సన్న ఉలితో టక్ టక్‌మని చిల్లులు పెడుతుంటే రాముడి మెడలో హారం ఒక్కో పూస తేలుతోంది. నగలకి రంగు వేయరు, చిల్లు పెడతారు. వెనక దీపం వెలిగితే ఆ చిల్లుల్లోంచే నగ మెరుస్తుంది. ఆంధ్ర తోలుబొమ్మలు మనిషెత్తు దాకా ఉంటాయి, ఒకప్పుడు ఆముదం దీపాల వెలుగులో తెల్లవార్లూ ఆడేవి.

ఇదంతా ఇప్పటి మేక సంగతి. పాతకాలంలో తోళ్ళకి ఒక వరస ఉండేది. దేవుళ్ళకీ, కథానాయకులకీ జింక తోలు. మోటుగా వాడినా ఓర్చుకునే దుప్పి తోలు భీముడికీ రావణాసురుడికీ. ఎగిరి దూకి కొట్టుకునేది వాళ్ళే కదా. మిగతా అందరికీ మేక తోలు. మామూలు బొమ్మకి ఒక్క తోలు సరిపోతే రావణుడికి నాలుగన్నా కావాలి: ఒంటికొకటి, కాళ్ళకొకటి, అటు ఐదు చేతులకొకటి, ఇటు ఐదు చేతులకొకటి.

వింటూ ఉంటే నాకు అరణ్యకాండ గుర్తొచ్చింది. బంగారు లేడిని చూసిన సీత, ప్రాణంతో దొరికితే పెంచుకుందాం, చచ్చి దొరికితే ఆ తోలు పరుచుకుని కూర్చుందాం అంటుంది వాల్మీకంలో. ఆ మాట అడిగే సీత బొమ్మనే జింక తోలుతో చేసి ఆడించారు ఇక్కడ. తోలు పవిత్రం అనుకోవడం ఈ ఊరు కనిపెట్టిందేమీ కాదు. ఉపనయనంలో వటువు జంధ్యానికి కృష్ణాజినం ముక్క కట్టే ఆచారం ఉండనే ఉంది. అదీ కృష్ణజింక తోలే.

"మరి మేక తోలుకి ఎప్పుడు మారినారు?" అని అడిగాను.

"చట్టమొచ్చినాక అంటారు మావోళ్ళు. నిజం చెప్పాలంటే అప్పటికే జింకలు యాడున్నాయన్నా? మా నాయన చేతికి వచ్చేసరికే అన్నీ మేకలే."

చట్టం అంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. కృష్ణజింక అందులో మొదటి షెడ్యూలు జంతువు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న పట్టీలోది, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. దాన్ని చంపితే 3 నుంచి 7 ఏళ్ళు జైలు. తోలు ఇంట్లో పెట్టుకున్నా నేరమే. ఇంతకీ నాకు నచ్చింది ఏంటంటే, దేవుడికి తోలు మారింది గానీ మేక తోలు రాముడికి దండం పెట్టడం జనం మానలేదు. ఇప్పుడు ఇక్కడ తయారయ్యేది బొమ్మలకన్నా ల్యాంప్‌షేడ్లే ఎక్కువ అన్నది వేరే బాధ.

శనివారం – లేపాక్షి

పెనుకొండ, హిందూపురం మీదుగా లేపాక్షి చేరేసరికి మధ్యాహ్నమైంది. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చే వాళ్ళ క్యూని దాటి నేరుగా కప్పు మీది బొమ్మల దగ్గరకి పోయాను. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తి చూడాల్సిన చిత్రాలు.

నేను చూడాలనుకున్నది కిరాతార్జునీయం. కోయదొర వేషంలో శివుడు, తపస్సు చేసే అర్జునుడు, మధ్యలో మూకాసురుడనే అడవిపంది. ఇద్దరూ బాణం వేస్తారు, పంది పడుతుంది, నా బాణం ముందు తగిలిందంటే నా బాణమని తగువు మొదలవుతుంది. పురాణం చెప్పేవాళ్ళు ఇక్కడ అహంకారం గురించీ, పాశుపతం గురించీ చెప్తారు. నాకైతే అది అచ్చంగా వేటగాళ్ళ పంచాయితీలా కనిపిస్తుంది. మొదటి దెబ్బ ఎవరిదో వేటలో భాగం వాళ్ళది అన్న రివాజు తెలిసిన జనం గీయించుకున్న కథ ఇది. ఈ ఆలోచన సరైనదో కాదో రేపు ఒక పెద్దాయన్ని అడిగి తేల్చుకోవాలి.

హిందూపురంలో రాత్రి బస. బస్సుల్లో పండగ రద్దీ, సీటు కోసం కర్చీఫులు విసిరే పోటీ తప్ప చెప్పుకోడానికేం లేదు.

ఆదివారం – కళ్యాణదుర్గం దగ్గర ఒక ఊరు

మిత్రుడి సొంతూరు. ఊరి పేరు రాయొద్దన్నాడు. వేట మాటలు వస్తాయి కాబట్టి అతని భయం అర్థం చేసుకోదగిందే.

పొద్దున్నే చేలోకి తీసుకెళ్ళాడు. వేరుశనగ పీకిన చేలో కూలి పనులకి తిరిగే యానాది దంపతులు ఎలకలు పడుతున్నారు. ముందు ఆమె గట్టు వెంబడి నడుచుకుంటూ పోయి బొరియలు చూసింది. అంచున మట్టి తడిగా, కొత్తగా ఉంటే లోపల ఎలక ఉన్నట్టు. పాతబడి సాలీడు గూడు కట్టి ఉంటే లేనట్టు. ఒక్క బొరియ ఎంచుకుని, చుట్టుపక్కల దానికి సంబంధించిన కలుగులన్నీ మట్టితో మూసేసింది. ఆయన ఒక చిన్న కుండలో ఎండుగడ్డి కుక్కి నిప్పు రాజేశాడు. కుండ అడుగున చిటికెన వేలు పట్టేంత చిల్లి. కుండ మూతిని బొరియకి ఆనించి, అడుగు చిల్లికి నోరు పెట్టి ఊదడం మొదలుపెట్టాడు. పొగ లోపలికి పోతోంది. మధ్యలో ఆపి దగ్గుతాడు, కళ్ళు తుడుచుకుంటాడు, మళ్ళీ ఊదుతాడు. కాసేపటికి కుండ తీసి గునపంతో తవ్వితే మత్తుగా పడున్న ఎలకలు చేతికొచ్చాయి. వాటి వెనక అరలో దాచిన కాయలు కూడా. ఒక్కటీ పుచ్చు లేదు. కాయల్ని ఆమె కొంగులో పోసుకుంది. నేలయజమాని అయిన మా వాడి బాబాయి అక్కడే నిలబడి నవ్వుతున్నాడు, ఆ కాయలు ఒకప్పుడు తనవే అయినా.

"మందు పెడితే ఎలక చేలోనే చచ్చి కంపు కొడతాది. వీళ్ళయితే శుభ్రంగా పట్టకపోతారు" అన్నాడాయన. 1972 చట్టం ఎలకల్ని హాని చేసే జంతువుల పట్టీలో పెట్టింది, 2022 సవరణ ఆ పట్టీని తీసేసినా చేలో ఎలకల్ని రక్షించాల్సినవాటిలో చేర్చలేదు కాబట్టి ఈ వేటకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ వారంలో నేను కళ్ళారా చూసిన అసలు సిసలు వేట ఇదొక్కటే. అడవి జంతువంటే మనకి పులీ ఎలుగూ గుర్తొస్తాయి గానీ, మెట్ట ఊళ్ళలో పేదవాడి పళ్ళెం దాకా ఎక్కువసార్లు వచ్చింది ఎలకే.

సాయంత్రం రచ్చకట్ట మీద ఎనభై దాటిన పెద్దాయన దొరికాడు. బోయ కులస్థుడు. పాలెగాళ్ళ సైన్యాల్లో బోయలు ఎట్లాంటివాళ్ళో సీమలో చెప్పక్కర్లేదు. యుద్ధం లేనప్పుడు వాళ్ళ చేతికి వేటే పని.

"యాడ నుంచి వచ్చినావు నాయనా?" అని మొదలుపెట్టి, నేను లేపాక్షి పంది తగువు చెప్పగానే పెద్దాయన ముఖం వెలిగింది.

"తగువు కాదా మరి! ఉగాది అయినాక ఊరంతా కుందేళ్ళ వేటకి పోతాంటిమి. పిల్లోడు మొదలుకొని ముసిలోడి దాకా. మొదటి దెబ్బ వేసినోడికి తల, తొడ. కుక్కది పట్టింటే కుక్క గలోడికి ఒక వాటా. తక్కినది అందరూ సమానంగా పంచుకోవాల. వేటకి రాని ముండమోపి ఇంటికి గూడా ఒక కుప్ప పంపిస్తాంటిమి."

"మరి ఇద్దరి దెబ్బా ఒకేసారి తగిలితే తాతా?"

"అందుకే గదా దేవుళ్ళు కొట్టుకున్నారంటివి" అని పకపకా నవ్వాడు.

అడవిపంది వేట మాత్రం ఆటలా ఉండేది కాదట. వలలు కట్టి, కొందరు తరిమితే కొందరు ఈటెలతో కాచుకునేవాళ్ళు. గాయపడ్డ పంది మనిషి తొడ చీల్చేస్తుంది. అందుకే పోయేముందు ఊరి దేవరకి మొక్కు. చూడి జంతువుని కొడితే అరిష్టమని వదిలేసేవాళ్ళమని కూడా అన్నాడు. అన్నిసార్లూ వదిలారా అంటే సమాధానం చెప్పలేదు, బీడీ వెలిగించుకున్నాడు. పాతకాలం వేటగాళ్ళంతా ప్రకృతిని కాపాడిన ఋషులని రాసేవాళ్ళకి ఆ బీడీ చూపించాలనిపించింది.

సోమవారం – భోగి

తెల్లవారుజామున భోగి మంట. చలికి అందరం మంట చుట్టూ చేరాం. మిత్రుడి అవ్వ పక్కన కూర్చోబెట్టుకుని పాత మందుల కథలు చెప్పింది. ఆమె చెప్పిన తీరు చూస్తే ఆ అటక మీద సగం అడవి ఉండేదేమో.

అన్నిటికన్నా ముందు దుప్పి కొమ్ము. "తలనొస్తే, ఎదలో పట్టేస్తే సాన మీద నీళ్ళేసి అరగదీసి గంధం మాదిరి పట్టేస్తాంటిమి. ఊళ్ళో ఎవరికి నొప్పొచ్చినా మా ఇంటికే వస్తాండ్రి." ఆ కొమ్ము ఏమైందవ్వా అంటే, "ఫారెస్టోళ్ళు పట్టుకుంటారంట అని మీ తాత భయపడి పాడుబాయిలో ఏసినాడు" అంది, ఇప్పటికీ ఆయన మీద కోపం తగ్గనట్టు. తాత భయంలో నిజముంది. దుప్పి ఏడాదికోసారి కొమ్ములు తనే రాల్చుకుంటుంది. కానీ రాలిన కొమ్ము దొరికినా అది ప్రభుత్వ ఆస్తే, ఇంటికి తెచ్చుకోకూడదు.

కుందేలు రక్తం కలిపిన నూనె జుట్టుకి పట్టించేవాళ్ళట, ఒత్తుగా పెరుగుతుందని. ఈ నమ్మకం ఎంత గట్టిదంటే ఇప్పటికీ ఆ పేరుతో సీసాల్లో నూనె అమ్మేవాళ్ళున్నారు. సీసాలో ఏముందో కుందేలుకి కూడా తెలియదు.

ఎలుగ్గొడ్డు వెంట్రుక పిల్లల తాయెత్తుకి. రాత్రుళ్ళు ఉలిక్కిపడి ఏడ్చే పిల్లలకి కడితే భయం పోతుందట. ఎలుగుని ఆడించే సాయిబు ఏడాదికోసారి వచ్చేవాడు. వెంట్రుక పీకి ఇచ్చేవాడు, ఇంకో అణా ఇస్తే పిల్లని దాని వీపు మీద ఎక్కించేవాడు. "మీ నాయన్ని ఎక్కిస్తే భయం పోలేదు, చెడ్డీలోనే పోసినాడు" అని అవ్వ అనగానే మంట చుట్టూ నవ్వులు. ముక్కుకి చిల్లు పెట్టి తాడు దూర్చి ఆడించే ఆ ఎలుగుబంట్ల ఆట దేశంలో 2009 నాటికి ఆగిపోయింది. ఆ వృత్తిలోని కలందర్ కుటుంబాలకి వేరే బతుకుదెరువు చూపించాకే అది సాధ్యమైంది. ఒట్టి కేసులతో అయ్యే పని కాదది.

ఏదుముల్లు సంగతి నాకు ముందే తెలుసు. సీమంతంలో భార్య పాపిట ఏదుముల్లుతో, మేడికాయల గుత్తితో తీయాలని ఇంటి శుభకార్యాల పద్ధతులు చెప్పే గృహ్యసూత్రాలే చెప్తాయి, అదీ మూడు చోట్ల తెల్లటి మచ్చలున్న ముల్లుతో. ఏదుపంది తన ముళ్ళు విసిరి కొడుతుందని ఊళ్ళో అంటారు గానీ, అది విసరదు. వెనక్కి తిరిగి మీదకొస్తే గుచ్చుకుని ఊడిపోతాయి, అంతే.

ఇక అవ్వ గొంతు తగ్గించి చెప్పినవి రెండు. ఒకటి నక్కకొమ్ము. 'నక్క తోక తొక్కి వచ్చావా' అని అదృష్టవంతుణ్ణి అడగడం మనందరికీ అలవాటే. తోకతోనే అంత వస్తే కొమ్ముతో ఎంత రావాలి? నక్కకి కొమ్ము ఉండదన్నది ఒక్కటే చిక్కు. అమ్మేవాళ్ళు నక్క పుర్రెలోని ఎముక ముక్కకి వెంట్రుకలున్న తోలు అతికించి ఇస్తారు. పెట్టెలో కుంకుమలో పెట్టి దాచుకుంటే డబ్బు నిలుస్తుందట. లేని కొమ్ము కోసం ఉన్న నక్క చస్తుంది.

రెండోది అలుగు, అంటే ఒళ్ళంతా పెంకులుండే పాంగోలిన్. పెంకుతో ఉంగరం చేయించుకుంటే మొలలు తగ్గుతాయని. అలుగు పెంకులో ఉండేది మన గోళ్ళలో ఉండే కెరటినే. మొలలకి గోరు కొరుక్కుంటే సరిపోతుందా అని మిత్రుడు అడిగితే అవ్వ వీపు మీద ఒకటి వేసింది. చీమల్ని, చెదల్ని తిని బతికే ఆ పళ్ళు లేని ప్రాణి ప్రపంచంలోనే అత్యధికంగా దొంగరవాణా అయ్యే జంతువుల్లో ఒకటి. 2017 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మొత్తం నిషేధం. భయపడితే ఉండలా చుట్టుకుంటుంది, పులి అయినా ఏం చేయలేదు. మనిషి మాత్రం అలాగే ఎత్తి గోనెసంచిలో వేసుకుంటాడు.

మధ్యాహ్నం చేల వైపు మళ్ళీ పోతే కంది చేల చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి, ఎరుపూ పసుపూ ఆకుపచ్చా. పందులు రాకుండా. కొందరు మంగలిషాపు వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లుతారు, ఆ వాసనకి పంది వెనక్కిపోతుందని. రెండూ కొన్నాళ్ళే పని చేస్తాయి. ఆ తర్వాత పందికి తెలివొస్తుంది, రైతుకి అప్పులొస్తాయి. దొంగతనంగా కరెంటు తీగ పెట్టేవాళ్ళ వల్ల పందులతో పాటు మనుషులూ పోతున్నారు.

సాయంత్రం డోన్ వైపు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అవ్వ చెప్పినవాటిని బేరీజు వేసుకున్నాను. కడుపు కోసం చేసిన వాడకాలు ముందు పోయాయి. రేషన్ బియ్యం, బ్రాయిలర్ కోడి వచ్చాక ఎండలో కుందేలు వెంట ఎవరు పరిగెడతారు? చేతిపని కోసం చేసినవి కూడా పోయాయి, మేక ఉంది కాబట్టి. నొప్పి మందులకి జండూబామ్ వచ్చింది. భయానికీ ఆశకీ వాడినవే, నక్కకొమ్మూ అలుగు ఉంగరమూ, ఇంకా చాటుగా నడుస్తున్నాయి. వాటికి మారు సరుకు ఎవరూ తయారు చేయలేకపోయారు. చట్టం గట్టిగా పట్టుకోవాల్సింది వీటి వెనకున్న బేరగాళ్ళని. ఎక్కువగా దొరికిపోయేది మాత్రం కుక్కతో గుట్టెక్కిన కుర్రాడు.

మంగళవారం – సంక్రాంతి, బేతంచెర్ల

పండగ రోజు ఊళ్ళన్నీ ముగ్గుల్లో ఉంటే నేను గుహలకి పోయాను. బేతంచెర్ల అంటే మనకి ఇంట్లో పరిచే బండలే గుర్తొస్తాయి. అదే సున్నపురాయి కొండల్లో బిళ్ళసుర్గం గుహలున్నాయి. పైకప్పు కూలిపోయి, నిలువు గోడల మధ్య ఆకాశం కనిపించే లోయలా ఉంది. గబ్బిలాల కంపు, చల్లటి గాలి.

1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఇక్కడ పాత ఎముకలున్నాయని రాశాడు. 40 ఏళ్ళ తర్వాత భూగర్భ శాఖకి చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించారు. మనిషి వాడిన ఎముకలు దొరుకుతాయేమోనని చూస్తే జంతువుల ఎముకలు కుప్పలుగా బయటపడ్డాయి. వాటిలో అంతరించిపోయిన ఒక ఖడ్గమృగం కూడా ఉంది. లిడెకర్ అనే శాస్త్రవేత్త దానికి కర్నూలు పేరే పెట్టాడు, రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని. ఇవాళ చుక్క నీటికి బోర్లు వేసుకునే నేల మీద ఒకప్పుడు ఖడ్గమృగం తిరిగిందంటే నమ్మబుద్ధి కాదు.

ఎముక ముక్కల్లో కొన్నిటిని ఫుట్ మనిషి చేసిన పనిముట్లు అనుకున్నాడు, తర్వాతివాళ్ళు సందేహించారు. గుహల ఎముకలతో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది, ఏదుపందికి ఎముకలు కొరికే అలవాటు ఉంది కాబట్టి. గాటు మనిషిదా, ఏదుపంది పంటిదా? అయితే ఈ చుట్టుపక్కలే ఉన్న ముచ్చట్ల చింతమాను గవిలో (గవి అంటే గుహే) 1970లలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి తవ్వకాలు జరిపి ఎముక పనిముట్లు, సుమారు 17 వేల ఏళ్ళ నాటి పొయ్యి ఆనవాళ్ళు బయటపెట్టారు. నాకు ఆయన పద్ధతి నచ్చుతుంది. గుహలో దొరికినదాన్ని అర్థం చేసుకోడానికి ఆయన బోయల, చెంచుల, యానాదుల, ఎరుకల వేట పద్ధతులు దగ్గరుండి చూసి రాసుకున్నారు. ఎలక బొరియకి ఆనించిన పొగ కుండ ఎన్ని వేల ఏళ్ళ పాతదో చెప్పలేం గానీ, పొయ్యి చుట్టూ కూర్చుని వాటాలు పంచుకున్న గొడవ మాత్రం ఆ గవిలోనూ జరిగే ఉంటుంది.

తిరిగొస్తుంటే ఒక ఇంటివాళ్ళు పిలిచి అరిసెలు పెట్టారు. రాత్రికి నంద్యాల.

బుధవారం – కనుమ, అహోబిలం

కనుమ రోజు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఉత్సవ విగ్రహాలు పల్లకీ ఎక్కి కొండ దిగి ఊళ్ళు తిరగడానికి బయల్దేరతాయి. నెల దాటి నలభై రోజుల పైన, ముప్ఫైకి పైగా ఊళ్ళు. పేరుకి వేట, పనేమో ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి రమ్మని గడప గడపకీ వెళ్ళి పిలవడం. ఆరొందల ఏళ్ళ కింద అహోబిల మఠం మొదటి పీఠాధిపతి ఆదివన్ శఠగోప స్వామి దీన్ని మొదలుపెట్టారని చెప్పుకుంటారు.

చెంచులకి నరసింహుడు బావ. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కదా. దిగువ గుడి స్తంభం మీద ఆమెని బుజ్జగిస్తున్న స్వామి శిల్పం చూసే పల్లకీ దగ్గరకి వచ్చాను. అంత భీకరమైన సింహం ముఖంలో ఆ బతిమాలడం చెక్కిన శిల్పికి దండం పెట్టాలి.

పల్లకీ ముందు చెంచు మగవాళ్ళు విల్లంబులతో నిలబడ్డారు. డప్పు మోగుతోంది. ఒకాయన విల్లు వంచి పల్లకీ వైపు బాణం వేశాడు, జనం గోవిందా అన్నారు. మా చెల్లెల్ని ఎత్తుకెళ్ళిన బావ మీద కోపమని కొందరు, వేటకి పంపే మర్యాద అని కొందరు. బాణం వేసినాయన్ని పక్కకి పిలిచి మాట్లాడాను. "ఈ విల్లు పండక్కే సార్. అడవిలోకి తీసకపోతే ఊరుకోరు" అన్నాడు. నల్లమల ఇప్పుడు పులుల అభయారణ్యం. 2006 అటవీ హక్కుల చట్టం చెంచులకి తేనె, జిగురు లాంటి వాటి మీద హక్కు ఇచ్చింది, వేట సంప్రదాయాన్ని మాత్రం ఆ హక్కుల్లోంచి పేరు పెట్టి మరీ తీసేసింది. పులి బతకాలంటే దుప్పి బతకాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ వేటే ఇంటిపేరైన మనిషికి ఏడాదిలో ఒక్క పూట విల్లు ఎత్తే వీలు ఒక్క దేవుడి దగ్గరే మిగిలింది.

జనంలో నా పక్కన ఆళ్ళగడ్డ వైపు రైతు ఒకాయన. శనగ వేశాడట.

"సామి వేటకి పోతాండాడు గదా, అట్లే మా చేలోకి గూడా ఒక పూట రమ్మనాల. పందులు నాలుగు సాళ్ళు పెళ్ళగించి పెట్టినాయి" అన్నాడు పల్లకీకి దండం పెడుతూనే.

వెనక నుంచి ఎవరో అందుకున్నారు: "సామి అయినా ఫారెస్టోళ్ళ పర్మిషన్ తీసుకోవాల బావా."